మహారాజుగారి విస్తరి శాస్త్రం

నేను ఇంతవరకు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత పెన్ను పట్టుకున్నది సంతకాలకే. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలదు నాకు. అందుకే ఇలా కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

నిన్న మా ఇంట్లో ఒక మాట విన్నాను. మా మరిది పెళ్లాం పైడితల్లి ఈమధ్యే కాపురానికి వచ్చింది. ఆ పిల్ల చెయ్యి మంచిది కాదట, అది తోడేస్తే పాలు విరిగిపోతాయట, మా అత్త అంటోంది. మొన్న పైడితల్లి తోడేసిన పెరుగు గడ్డలా పేరుకుంది. అది మా గేదె పాల గొప్పతనం అంది. నేను తోడేసింది విరిగింది. అప్పుడు పైడితల్లి ఆ పక్కగా నడిచి వెళ్లిందంది. నిన్నయితే, దీన్ని పుట్టింట్లో దింపేసి రమ్మని మా మరిదితో చెప్పేసింది. ఆ పిల్ల వంటింటి గడప దగ్గర లోపలికి రాలేక, బయటికి పోలేక నిలబడిపోయింది. నా చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

అప్పుడు మా మేనత్త చెప్పే కథ ఒకటి గుర్తొచ్చింది. ఆవిడ సగం చెప్పి నిద్రపోయేది. మిగతా సగం నేనే అల్లుకునేదాన్ని. ఎక్కడ ఆవిడది ఆగిందో, ఎక్కడ నాది మొదలైందో ఇప్పుడు నాకూ తెలియదు.

ఏ దిక్కునో చెప్పలేను గాని, ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దాన్ని వీరకంఠీరవ మహారాజు ఏలేవాడు. చెడ్డవాడు కాదు. చెరువులు తవ్వించాడు, బాటలు వేయించాడు, పన్నులు మరీ పిండేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. తనకు తెలియని రహస్యం లోకంలో లేదనుకునేవాడు.

ఆ జబ్బు ఎలా పట్టుకుందంటే, ఒకసారి కోటలో విందు జరిగింది. భోజనాలయ్యాక మహారాజు పంక్తి వెంట నడుస్తూ సేనాపతి ఆకు దగ్గర ఆగాడు. ఆ సేనాపతి అన్నీ తిన్నాడు గాని, అరిసె ముట్టలేదు. వీడికి నా తీపి చేదయింది అనుకున్నాడు మహారాజు, ఊరికే. తెల్లారేసరికి ఆ సేనాపతి గుర్రమెక్కి శత్రురాజు దగ్గరికి పారిపోయాడు.

ఇక చూడండి. మనిషి తిని వదిలేసిన విస్తరి చూస్తే అతని మనసంతా తెలిసిపోతుందని మహారాజు ఒక శాస్త్రం కట్టాడు. దానికి భుక్తశేష శాస్త్రం అని పేరు పెట్టాడు. తనకు తాను మనోరహస్యభేది అని బిరుదు కూడా తగిలించుకున్నాడు. జనం మాత్రం చాటున దాన్ని ఎంగిలి శాస్త్రం అనేవారు.

అప్పటినుంచి కోట భోజనశాలలో ఎవరూ తమ విస్తరి తాము తీయకూడదు. తిన్నవాళ్లు చేతులు కడుక్కుని గోడవారగా నిలబడాలి. మహారాజు వచ్చి ఒక్కొక్క ఆకూ చూసి వెళ్లాలి.

ధాన్యపు కొట్లు చూసే అధికారి ఆకు మీద ఉప్పు మిగిల్చాడు. నా ఉప్పు వీడికి వద్దు, వీడు ద్రోహి అన్నాడు మహారాజు. కొండల అవతలికి వెళ్లగొట్టాడు. అది చూసి భయపడి ఆస్థాన గాయకుడు ఉప్పు మొత్తం నాకేశాడు. నా ఉప్పు మీద ఇంత ప్రేమ ఒలకబోస్తున్నాడంటే లోపల ఏదో దాస్తున్నాడు అన్నాడు మహారాజు. అతన్నీ పంపేశాడు. ఒక న్యాయాధికారి ఆకును తనవైపు మడిచాడు. దాపరికమన్నాడు. ఇంకొకడు అవతలివైపు మడిచాడు. నన్ను తోసేస్తున్నాడన్నాడు. దండనాయకుడొకడు మెతుకు మిగలకుండా తుడుచుకు తిన్నాడు. వీడు ఆనవాళ్లు చెరిపేసే రకం అన్నాడు.

కొట్ల అధికారిని వెళ్లగొట్టాక ధాన్యం కొలిస్తే గింజ తేడా రాలేదు. మంత్రి ఆ సంగతి భయంభయంగా చెప్పాడు. మహారాజు మీసం దువ్వి, చూశావా, దొంగతనం జరగకముందే ఆపేసింది నా శాస్త్రం అన్నాడు. మంత్రి ఇంటికి వెళ్లి నీళ్లు తాగి పడుకున్నాడు.

కోటలో భోజనమంటే పెద్దవాళ్లకే చెమటలు పట్టేవి. ఎంత తినాలో తెలియదు, ఏది వదలాలో తెలియదు. పక్కవాడి ఆకు చూస్తూ తినేవారు. ఆ పక్కవాడు వీళ్ల ఆకు చూసేవాడు.

మహారాజు పక్కన ఎప్పుడూ నిలబడే మనిషి ఒకడున్నాడు, గవరయ్య. అడపం మోసేవాడు. అడపం అంటే రాజుగారి తాంబూలం పెట్టె. ఆకు చుట్టి చేతికిస్తూ ఒక చమత్కారం విసరడం అతని వాడుక. ఆకులో వక్క ఎలాగో, ఆ మాట కూడా అలాగే ఉండాలనేవాడు మహారాజు. అందుకే అందరికీ లేని చనువు అతనికి ఉండేది. అయినా విస్తళ్ల విషయంలో గవరయ్య కూడా నోరు మెదిపేవాడు కాదు. అతనూ ఆ పంక్తిలో తినాల్సినవాడే మరి.

అలా ఉండగా మహారాజు పుట్టినరోజు వచ్చింది. ఆ విందుకు దాది గంగసానమ్మను కూడా పిలిచారు. తల్లి పురిట్లోనే పోతే, మహారాజును చంకనేసుకుని పెంచింది ఈవిడే. పట్టాభిషేకమయ్యాక మహారాజుకు తీరిక లేక ఆవిడ ఉండే వైపు వెళ్లడం మానేశాడు. ఆవిడ అంతఃపురం చివర చిన్న గదిలో ఉండేది. చూపు మందగించింది, మోకాళ్లు పట్టేశాయి. పిలిచారనగానే ఉతికిన చీర కట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి పంక్తిలో కూర్చుంది.

ఆవిడ తినేసి లేచింది. మహారాజు ఆకులు చూసుకుంటూ వచ్చాడు. గంగసానమ్మ ఆకు ముందు ఆగాడు. అన్నీ తిన్నది. ఎడమ అంచున మాత్రం ఒక చిన్న పెరుగన్నం ముద్ద అలాగే ఉంది.

మహారాజు చాలాసేపు చూశాడు. ముఖం నల్లబడింది.

"ఆఖరి ముద్ద వదిలింది. ఆఖరిది అంటే నా ఆఖరి ఘడియ. పాలుపట్టిన చేత్తోనే నాకు విషం పెట్టబోతోంది."

వడ్డించేవాళ్లు గిన్నెలు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు. మంత్రి గోడకు ఆనుకున్నాడు. గంగసానమ్మకు ఈ మాట వినబడలేదు, అప్పటికే ఆవిడ గడప దాటి చేతులు కడుక్కుంటోంది.

మహారాజు తీర్పు చెప్పేశాడు. ఏరు నిండుగా పారుతోంది. మర్నాడు పొద్దు వాలే వేళకు దాదిని తోసుకునే గడ లేని తెప్ప మీద ఎక్కించి నడి ఏట్లో వదిలేయాలి. అంతవరకు ఆవిడ గది ముందు కాపలా ఉండాలి.

కాపలాకు వెళ్లిన భటులకు ఆవిడతో ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. ఎండలో నిలబడ్డారేం నాయనా, లోపలికి వచ్చి కూర్చోండి అంది ఆవిడ. వాళ్లు తల తిప్పేసుకున్నారు.

మర్నాడు ఉదయం సభ తీరింది. నిండుసభే, కాని ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. గవరయ్య ఆకు చుట్టి ఇచ్చాడు. మహారాజు నోట్లో పెట్టుకున్న మరుక్షణం ఉమ్మేశాడు.

"ఏమిట్రా ఇది, ఇంత సున్నం పూశావు? నోరు పొక్కిపోయింది."

"చెయ్యి నా మాట వినడం లేదు మహాప్రభూ. నిన్నటినుంచి వణుకుతోంది."

"ఎందుకు?"

"తమ శాస్త్రం మహిమ చూసి," అన్నాడు గవరయ్య. తర్వాత గొంతు కాస్త పెంచి, ఇంత గొప్ప శాస్త్రం భోజనశాల నాలుగు గోడల మధ్య మగ్గిపోతోందనీ, ఊళ్లో కొందరు గిట్టనివాళ్లు దాన్ని శంకిస్తున్నారనీ, దాదిని తెప్ప ఎక్కించేలోపు నిండుసభలో ఒక్కసారి దాని బలం చూపిస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయనీ చెప్పాడు.

మహారాజుకు అది నచ్చింది. ఎలా చూపించమంటావన్నాడు.

గవరయ్య బయటికి వెళ్లి ఒక పీట తెచ్చి సభ మధ్య పెట్టాడు. పీట మీద ఒక వెదురు బుట్ట బోర్లించి ఉంది.

"దీని కింద ఒక అరిటాకు ఉంది ప్రభూ. ఇదొక మనిషి కోసం వేసిన విస్తరి. ఆ మనిషి నాకు కావలసినవాడు. తమరు చూసి వాడు నమ్మకస్తుడో ద్రోహో తేల్చాలి."

మహారాజు సింహాసనం దిగి వచ్చి బుట్ట మీద చెయ్యి వేశాడు. గవరయ్య వంగి ఆ చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టాడు. సభ ఉలిక్కిపడింది. రాజుగారి చేతికి చెయ్యి అడ్డం పెట్టడం ఆ సభలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"మూత తీయకముందు ఒక్క మాట చెప్పండి మహాప్రభూ. నమ్మకస్తుడి విస్తరి ఎలా ఉంటుంది? ఆకు మీద ఏది కనిపిస్తే వాణ్ణి వదిలేస్తారు? అది ముందుగా తమ నోట వింటే నా గుండె కుదుటపడుతుంది."

అదెంత పని అన్నాడు మహారాజు. ఉప్పు పూర్తిగా తినేసి ఉండాలి అన్నాడు.

గవరయ్య సంతోషంగా తల ఊపాడు. అయితే మన గాయకుణ్ణి కొండల అవతలినుంచి పిలిపించేద్దామా ప్రభూ, ఆయన ఉప్పు పూర్తిగానే తిన్నాడు కదా అన్నాడు.

మహారాజు నుదురు ముడిపడింది. తొందరలో అన్నాననీ, కాస్త ఉప్పు మిగలాలనీ సర్దుకున్నాడు.

కొట్ల అధికారిగారు మిగిల్చారు కదా ప్రభూ అన్నాడు గవరయ్య, ఇంకా వినయంగా.

సభలో ఒక గుసగుస లేచి అణిగిపోయింది. మహారాజు ఉప్పు సంగతి వదిలేసి మడత సంగతి ఎత్తుకున్నాడు. ఇటు మడిచినవాడు గుర్తొచ్చాడు, ఆగాడు. అటు మడిచినవాడూ గుర్తొచ్చాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఏది నోటిదాకా వచ్చినా దాని వెనకే తాను వెళ్లగొట్టిన ఒక మనిషి ముఖం వస్తోంది. సభలో అందరికీ అవే ముఖాలు కనిపిస్తున్నాయి. ఒక ముసలి పండితుడైతే పెదవులు కదుపుతూ తనలో తాను ఆ పేర్లు చెప్పుకుంటున్నాడు.

చివరికి మహారాజు గట్టిగా అన్నాడు. "ఆకు మీద ఏమీ ఉండకూడదు. మెతుకు ఉండకూడదు, మరక ఉండకూడదు, తుడిచిన జాడ ఉండకూడదు, మడత ఉండకూడదు. అలాంటి ఆకు ఎవడిదో వాడే నా నమ్మకస్తుడు."

"మాట తిరగదు కదా ప్రభూ?"

"తిరగదు."

గవరయ్య బుట్ట ఎత్తాడు. పీట మీద లేత అరిటాకు నిగనిగలాడుతోంది. మీద చల్లిన నీటి చుక్కలు కూడా ఆరలేదు. మెతుకు లేదు, మరక లేదు, తుడిచిన జాడ లేదు, మడత లేదు.

మహారాజు ముఖం వెలిగిపోయింది. "చూశారా? చూడకుండానే చెప్పాను. ఎవడీ నమ్మకస్తుడు? వెంటనే నా ముందుకు తీసుకురా."

"ఈ ఆకులో ఇంకా ఎవరూ తినలేదు మహాప్రభూ," అన్నాడు గవరయ్య. "ఇందాకే తోటలో కోశాను, నా కోసమే. తమ శాస్త్రం ప్రకారం ఈ రాజ్యంలో నమ్మకస్తుడు ఒక్కడే. ఇంకా భోజనానికి కూర్చోనివాడు."

సభలో ఎవరో దగ్గబోయి నోరు మూసుకున్నారు. భటుల చేతులు వాటంతటవే కత్తుల మీదికి పోయాయి. గవరయ్య పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. మంత్రి కళ్లు మూసుకున్నాడు.

మహారాజు ఆకు వంకే చూస్తూ నిలబడ్డాడు. కోపం రావాల్సింది, రాలేదు. చెంప దెబ్బ తిన్న మనిషి దెబ్బ ఎటునుంచి వచ్చిందో తెలియక చూసినట్టు చూస్తున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు. మరి సేనాపతి మాటేమిటి? అతను అరిసె వదిలాడు, పారిపోయాడు. అది నిజమే కదా?

"నిజమే ప్రభూ. ఆ రోజు అరిసెలు పాకం ముదిరి రాళ్లలా ఉన్నాయి. నేనూ వదిలేశాను. మంత్రిగారూ వదిలేశారు. పంక్తిలో సగం ఆకుల మీద అరిసెలు అలాగే ఉన్నాయి. తమరికి మాత్రం పారిపోయినవాడి అరిసె ఒక్కటే గుర్తుండిపోయింది."

మహారాజు మంత్రి వైపు తిరిగాడు. మంత్రి కళ్లు తెరవకుండానే, నాకు అప్పటికే పన్ను కదులుతోంది ప్రభూ, కొరకలేకపోయాను అన్నాడు. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

మహారాజు వచ్చి సింహాసనం మెట్టు మీద కూర్చున్నాడు, పైన కాదు. కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సరే గవరయ్యా. నాది తప్పే అనుకో. నా మాట కొట్టేసినంత మాత్రాన ఆ ముద్ద మాయమైపోదు కదా. అంతా తిన్న మనిషి ఆ ఒక్క ముద్దా ఎందుకు వదిలింది? నా మాట కాకపోతే నీ మాట చెప్పు."

అది న్యాయమైన ప్రశ్నే. గవరయ్య మొదటిసారి ఆలోచనలో పడ్డాడు.

నాకొక ఊహ ఉంది ప్రభూ, కాని అది ఊహే, తప్పు కావచ్చు అన్నాడు. తాను దాదిని అడగలేదనీ, ఇప్పుడు ఎవరూ అడగకూడదనీ అన్నాడు. అడిగితే ప్రాణభయంతో ఆవిడ ఏదైనా చెప్పవచ్చు. ఇవాళ కూడా ఎప్పటిలాగే ఆవిడకు భోజనం పెట్టించమన్నాడు. ఏం జరుగుతుందో తాను ఇప్పుడే, అందరి ముందూ చెబుతానన్నాడు.

"ఆవిడ మళ్లీ ముద్ద వదులుతుంది. ఎడమ అంచునే వదులుతుంది. పెరుగన్నమే వదులుతుంది. అది పెద్దవాళ్లు తినే ముద్దలా ఉండదు, పసివాడి నోట్లో పట్టేంత ఉంటుంది. ఊరగాయ తగలకుండా ఉంటుంది."

"వీటిలో ఒకటి తప్పితే?"

"తెప్ప మీద నాకూ చోటుంటుంది ప్రభూ."

మహారాజు అతని ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్లూ తాను ఎన్ని ఆకులు చూశాడు. ఒక్కసారైనా, ఇది తప్పితే నేను ఏమవుతాను అని అనుకోలేదు.

మధ్యాహ్నం గంగసానమ్మ గదిలో ఆకు వేసి వడ్డించారు. కిటికీ అవతల మహారాజు, గవరయ్య, మంత్రి చప్పుడు కాకుండా నిలబడ్డారు. ఆవిడ అన్నం కళ్లకద్దుకుని తినడం మొదలుపెట్టింది. పళ్లు లేవు, నెమ్మదిగా నములుతోంది. పప్పు అయింది, పులుసు అయింది. పెరుగన్నం కలుపుకుంది. మాగాయ నంజుకుంటూ తింటోంది.

కిటికీ అవతల గవరయ్య పెదవులు ఎండిపోయాయి.

ఆవిడ చివరికి వచ్చింది. కాస్త అన్నం వేళ్లతో మెత్తగా మెదిపింది. గోళీకాయంత ముద్ద చేసింది. దాన్ని ఆకు ఎడమ అంచున పెట్టింది. ఆ తర్వాత మాగాయ ఊటలో చిటికెనవేలు ముంచి ముద్ద నెత్తిన ఒక్క చుక్క అద్దింది.

మహారాజు గవరయ్య వైపు తిరిగాడు.

"నాలుగు నిజమయ్యాయి ప్రభూ. ఊరగాయ విషయం తప్పింది. నేను తెప్ప ఎక్కుతాను."

మంత్రి ఆగలేకపోయాడు. చుక్కే కదా, చుక్క తగిలితే తగిలినట్టు కాదనవచ్చు కదా అని గొణిగాడు. మహారాజు కూడా అదే అన్నాడు. చుక్క అంటే దిష్టిచుక్క అనో మరొకటనో ఏదైనా చెప్పుకోవచ్చు, నోరున్నవాడివి, ఎందుకు చెప్పవు అన్నాడు.

"చెప్పొచ్చు ప్రభూ. ఇప్పుడు అలా సర్దుకుంటే నాదీ భుక్తశేష శాస్త్రమే అవుతుంది."

మహారాజు గోడ పట్టుకుని, వంగి గదిలోకి వెళ్లాడు.

గంగసానమ్మకు ఎవరో వచ్చారని తెలిసింది గాని ఎవరో తెలియలేదు. మహారాజు ఆకు ముందు చతికిలబడ్డాడు. ఆ ముద్ద ఎవరికి అవ్వా అని అడిగాడు. అవ్వా అనే పిలుపు ఆ నోటినుంచి వచ్చి ఎన్నేళ్లయిందో.

ఆవిడ గొంతు గుర్తుపట్టింది. చెయ్యి చాచి ముఖం తడిమింది.

"నీకేగా నాయనా. నీకు కాక ఇంకెవరికి? నా ఆకులో ఆఖరి ముద్ద తింటే గాని ఆటకు పోయేవాడివి కావు. ఎడమ పక్క గొంతుక్కూర్చుని నోరు తెరిచేవాడివి. పళ్లు వస్తూనే కారం కావాలని పేచీ. ఒక్క చుక్క ఊట అద్దితే గాని తినేవాడివి కావు."

"మరి నేను రావడం మానేశాను కదా."

"మానేశావు. అందుకే మిగిలిపోతోంది."

గడప అవతల మంత్రి ఉత్తరీయంతో ముఖం కప్పుకున్నాడు.

మహారాజు చెప్పేశాడు. ఈ ముద్ద చూసి నువ్వు నాకు విషం పెడతావనుకున్నానవ్వా, ఇవాళ పొద్దు వాలేసరికి నిన్ను ఏట్లో వదలమన్నాను అన్నాడు.

గంగసానమ్మ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"జ్వరం ఏమైనా తగిలిందా నాయనా?"

మహారాజు ఆ ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. పొద్దున సున్నానికి పొక్కిన నోరు కదా, ఊట తగిలేసరికి భగ్గుమంది. దగ్గొచ్చింది. దగ్గుతూ దగ్గుతూ నవ్వొచ్చింది. కళ్లు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, నవ్వు ఆగడం లేదు. నలభై దాటిన మహారాజు, గుబురు మీసాల మనిషి, ఎంగిలి ఆకు ముందు కూర్చుని పసివాడిలా పడి పడి నవ్వాడు. ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాకపోయినా ఆవిడా బోసినోటితో నవ్వింది.

"గవరయ్యా, లోపలికి రారా," అని పిలిచాడు మహారాజు. "ఊరగాయ విషయంలో ఓడిపోయావు. తెప్ప ఎక్కాలి."

"ఎక్కుతాను ప్రభూ."

"ఎక్కు. గడ ఉన్న తెప్ప ఎక్కు. ఏరు దాటి, కొండలు దాటి నేను వెళ్లగొట్టినవాళ్లందర్నీ పిలుచుకురా. నేను అనుకున్నది తప్పని నీ మాటగా కాదు, నా మాటగా చెప్పు."

అదే అతనికి వేసిన శిక్ష. బహుమానం సంగతి కూడా మహారాజు అడిగాడు. మాన్యం కావాలా, కంకణం కావాలా అన్నాడు. గవరయ్య చేతులు కట్టుకుని, తిన్న తర్వాత నా విస్తరి నేనే తీసుకుపోయి పారేసుకునే వరం ఇప్పించండి ప్రభూ, చాలు అన్నాడు. మహారాజు మళ్లీ నవ్వాడు. ఆ వరం రాజ్యమంతటికీ ఇచ్చాడు. కంకణం ఎలాగూ ఇచ్చాడనుకోండి.

వెళ్లిపోయినవాళ్లందరూ తిరిగి రాలేదు. గాయకుడు వచ్చాడు, న్యాయాధికారీ వచ్చాడు. ధాన్యపు కొట్ల అధికారి మాత్రం, ఆ ఇంట్లో అన్నం నాకు ఇక దిగదు అని కబురు పంపాడు. మహారాజు ఆ మాట విని తల వంచుకున్నాడే గాని, దానికి ఏ అర్థమూ తీయలేదు. ప్రతి మధ్యాహ్నం మాత్రం అంతఃపురం చివరి గదికి వెళ్లి, ఎడమ పక్కన కూర్చునేవాడు.

కథ ఇంతే. ఇది నిన్న సాయంత్రం రాశాను. రాశాక పాలు కాచి, రెండు గిన్నెల్లో పోశాను. ఒకదాన్లో నేను తోడేశాను. రెండోదాన్లో పైడితల్లి చేత వేయించాను. ఎవరికీ చెప్పొద్దన్నాను.

ఇవాళ పొద్దున్నే ఆ రెండు గిన్నెలూ తీసుకెళ్లి, మూతలతో సహా మా అత్త ముందు పెట్టాను. ఆవిడ అలవాటు ప్రకారం మూత మీద చెయ్యి వేసింది. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆవిడకు ఎదురు మాట చెప్పి ఎరగను. ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను.

"మూత తీయకముందే చెప్పత్తా. ఏది ఎవరు తోడేసింది?"